జిల్లా కబడ్డీ జట్టుకి ఫ్లెక్సీలు వేశాం, రీల్స్ చేశాం, జనం మాత్రం రాలేదు. ఎక్కడ తేడా కొట్టింది?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. మా బావగారిది పలాసలో జీడిపప్పు వ్యాపారం, కబడ్డీ అంటే ప్రాణం. పోయినేడు ఒక ప్రైవేట్ లీగ్ వాళ్లు జిల్లాల పేర్లతో ఆరు జట్లు పెడుతున్నామంటే మన జిల్లా జట్టు ఆయన కొనేశారు. నేను డిజిటల్ మార్కెటింగ్ చేస్తానని (నిజానికి రెండు బట్టల షాపులకీ ఒక కోచింగ్ సెంటర్‌కీ ఫేస్‌బుక్ పేజీలు నడుపుతాను, అంతే) "ప్రచారం సంగతి నీదే బామ్మర్దీ" అని నా మీద పడేశారు.

ఏడు రోడ్ల జంక్షన్ నుంచి డే అండ్ నైట్ జంక్షన్ దాకా ఫ్లెక్సీలు కట్టించాను. ఇన్‌స్టాలో రీల్స్ పెట్టాను, అందులో ఒకదానికి రెండు లక్షల వ్యూస్ దాటాయి. హర్యానా నుంచి ముగ్గురు ఆటగాళ్లను తెచ్చాం. మొదటిరోజు టీవీ యాంకర్‌ని పిలిచాం, కాలేజీల్లో 800 ఫ్రీ పాసులు పంచాం. మొదటిరోజు హాలు కిటకిటలాడింది. యాంకర్ కారెక్కగానే సగం ఖాళీ. మూడోరోజు నేనే కుర్చీలు లెక్కపెట్టాను, 64 మంది ఉన్నారు, అందులో ఇరవై మంది మా చుట్టాలే.

ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ బుర్రలో తిరుగుతోంది. గేటు దగ్గర పల్లీలు అమ్ముకునే ఆవిడ తలుపు సందులోంచి కాసేపు ఆట చూసి నన్ను పిలిచి, "ఈలల్లో మనోలెవులు బాబూ?" అంది. ఎర్ర బనీన్లవాళ్లు మనవాళ్లే అమ్మా అన్నాను. అప్పుడు కూతకి వెళ్లినవాడు హర్యానా కుర్రాడు, మా కోచ్ అతనితో హిందీలో అరుస్తున్నాడు. ఆవిడ ఒక నిమిషం చూసి "అలాగేటి" అని మళ్లీ పొట్లాలు చుట్టుకోవడం మొదలెట్టింది.

ఈసారి ప్రచారానికి బావగారు ఇచ్చేది ఆరు లక్షలు. పెద్ద పేరున్న ఆటగాడిని తెస్తే జనం వస్తారని ఆయన అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. కానీ ఎందుకు కుదరడం లేదో ఆయనకి చెప్పలేకపోతున్నాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జెర్సీ షాపు (విజయనగరం)

తమ్ముడూ, నాది జెర్సీలు ప్రింటు చేసే షాపు. మీ బావగారికి నా అటక మీద ఉన్న మూటలు చూపిస్తే చాలు, వేరే లెక్చర్ అక్కర్లేదు.

2018లో రాహుల్ చౌదరి పేరుతో 120 బనీన్లు కొట్టించాను (అసలువి కావు, ఒప్పుకుంటున్నా). 2014లో ప్రో కబడ్డీ మొదలైన దగ్గర్నుంచి తెలుగు టైటాన్స్ అంటే రాహులే కదా, ఎక్కడికి పోతాడులే అనుకున్నా. 2019లో చెన్నై జట్టు తమిళ్ తలైవాస్‌కి పోయాడు. 70 మిగిలాయి. బుద్ధి వచ్చిందా, రాలేదు. తర్వాత వార్నర్ బనీన్లు కొట్టించా. 2021లో సీజన్ మధ్యలో సన్‌రైజర్స్ ఆయన్ని కెప్టెన్సీ నుంచి తీసేశారు, మరుసటేడు ఢిల్లీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత 2023 వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల పైన పెట్టి కొన్నారు. ఈసారి పక్కా అనుకున్నా. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి గెలిచింది రెండు. తర్వాత అతనూ వెళ్లాడు, ఎక్కడికనుకున్నావు, మళ్లీ తలైవాస్‌కే! నా అటకకీ చెన్నైకీ ఏదో పాత పగ ఉంది.

అలాగని స్టార్ దండగ అనను. వార్నర్ సంగతే చూడు, 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో పెళ్లాం పిల్లలతో కలిసి తెలుగు పాటలకి స్టెప్పులేసి వీడియోలు పెట్టాడు. ఆడవాళ్లు, చిన్నపిల్లలు, క్రికెట్ ముక్క తెలియనివాళ్లు కూడా "మన వార్నర్" అన్నారు. అది ఏ ఫ్లెక్సీకీ రాదు. కానీ ఆ అభిమానం ఆయనది, జట్టుది కాదు. ఆయన పోతూ పోతూ దాన్నీ మూట కట్టుకుని పోయాడు, జనం ఢిల్లీ మ్యాచ్‌లు కూడా ఆయన కోసం చూశారు. అద్దె ఇల్లు లాంటిది అది, ఎంత సున్నం కొట్టినా మనది అవదు.

నా షాపులో ఏటా మిగలకుండా పోయేది ఒక్కటే, సంక్రాంతి టోర్నమెంట్లకి ఊరి జట్లు వేయించుకునే బనీన్లు. ముందు ఊరి పేరు, వెనక నంబరు. ఆడేవాళ్లు పన్నెండు మందే అయినా నలభై ఆర్డరు వస్తుంది. ఆటగాడి తమ్ముడికి ఒకటి, మేనమామకి ఒకటి, ట్రాక్టరు ఇచ్చినాయనకి ఒకటి. అడ్వాన్సు కూడా అడగకుండానే ఇస్తారు.

వంశధార నీళ్లు

ముందు ఆ ఫ్రీ పాసులు ఆపండి. ఊరికే వచ్చిన కాగితాన్ని ఎవడూ లెక్కచేయడు, వాన పడితే రాడు, టీవీలో క్రికెట్ ఉంటే రాడు. ఇరవై రూపాయలు టికెట్ పెట్టండి, దానికి ఒక పల్లీల పొట్లం ఇవ్వండి. ఆ పల్లీలు ఆవిడ దగ్గరే కొనండి.

బొబ్బిలోడు, గాజువాకలో

2024 మార్చి 31న వైజాగ్ స్టేడియంలో ఢిల్లీ–చెన్నై ఐపీఎల్ మ్యాచ్‌కి వెళ్లాను. కాగితం మీద అది ఢిల్లీకి సొంత గ్రౌండు, ఆ ఏడు వాళ్ల మొదటి రెండు హోమ్ మ్యాచ్‌లు ఇక్కడే పెట్టుకున్నారు. ఆ జట్టులో సగం వాటా జీఎంఆర్ కంపెనీది, అంటే మూలాలు మన రాజాంలోనే ఉన్నాయి. ఇంతకంటే దగ్గరితనం ఏం కావాలి? కానీ స్టాండ్స్ చూస్తే అంతా చెన్నై పసుపే. ధోనీ బ్యాటింగ్‌కి దిగేసరికి నా పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకుని కుర్చీ ఎక్కేశాడు. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు, చెన్నై మాత్రం 20 పరుగులతో ఓడిపోయింది. గెలిచింది హోమ్ టీమ్, సంబరం చేసుకుంటూ బయటికొచ్చింది ఓడిన జట్టు అభిమానులు. ఢిల్లీ గెలిచిందని గొంతు చించుకున్నవాడు నాకైతే ఒక్కడూ కనపడలేదు.

గ్రౌండ్ అద్దెకి తీసుకుంటే అభిమానులు దానితో పాటు రారు, నాకు అర్థమైంది అదే. అయితే ఐపీఎల్ జట్లకి దీనివల్ల పెద్ద నష్టం లేదు, ఎందుకంటే వాళ్ల డబ్బు టీవీ నుంచీ మొబైల్ యాప్ నుంచీ వస్తుంది. 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులే 48,390 కోట్లకి అమ్ముడుపోయాయి, అందులో జట్లకి వాటా ఉంటుంది. స్టాండ్స్ ఖాళీగా ఉన్నా వాళ్ల పొయ్యి వెలుగుతుంది. మీ జట్టుకి ఆ వెసులుబాటు లేదు, గేటు దగ్గర టికెట్ కొనేవాడూ, ఊళ్లో స్పాన్సర్ చేసే బంగారు షాపాయనా, అంతే. కాబట్టి ఐపీఎల్ వాళ్లని చూసి యాంకర్లనీ పొగ మిషన్లనీ తెచ్చుకుంటే చేతి చమురు వదలడమే.

వాళ్ల దగ్గర కాపీ కొట్టాల్సింది వేరే ఉంది. 2018లో కావేరీ గొడవల వల్ల చెన్నై మ్యాచ్‌లు పుణేకి మార్చాల్సి వస్తే, చెన్నై జట్టు ప్రత్యేకంగా ఒక రైలు మాట్లాడి వెయ్యి మంది దాకా అభిమానుల్ని అక్కడికి తీసుకెళ్లింది. రెండేళ్లు నిషేధంలో ఉండి తిరిగొచ్చిన జట్టు అది, అయినా అప్పట్లో అందరూ చెప్పుకున్నది ఆ రైలు గురించే.

మీకు రైలు అక్కర్లేదు గానీ, మీ మ్యాచ్‌లు రాత్రి ఎన్నింటికి అయిపోయాయి? తొమ్మిదిన్నర అయితే పల్లెల వైపు ఆఖరి బస్సు ఉంటుందా? మా చిన్నాన్న కొడుకు కబడ్డీ కోసం చెవి కోసుకుంటాడు, కానీ ఎనిమిదిన్నర అయ్యేసరికి బస్సు కాంప్లెక్స్‌లో ఉంటాడు, లేకపోతే రాత్రంతా అక్కడే పడుకోవాలి. రెండు లక్షల వ్యూస్ వచ్చాయన్నారు, ఆ చూసినవాళ్లలో ఎంతమంది ఇంటికి వెళ్లే దారి చూసుకుని ఆగిపోయారో ఎవరికి తెలుసు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

బస్సు సంగతి మాకు తట్టనే లేదు. మ్యాచ్ అయ్యేసరికి 9:40. నరసన్నపేట నుంచి ఆటోలో వచ్చిన ఒక గుంపు మొదటి సగం అవగానే లేచిపోతే మా ఆట నచ్చలేదేమో అని బాధపడ్డాను కూడా.

మీరు చెప్పినవన్నీ బావగారికి చదివి వినిపించాను. "ఇవన్నీ సరే, ముందు గెలవాలి, గెలిస్తే జనం వాళ్లే బేగి వస్తారు" అంటున్నారు.

రైడర్ 9

మీ బావగారు చెప్పిందే కరెక్టు, మిగతా అంతా సోది. టైటాన్స్ వరుసగా మూడు సీజన్లు అట్టడుగున ఉంటే నేనే చూడ్డం మానేశాను. 2025లో ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, మళ్లీ మొదలెట్టాను. ఓడే జట్టు జెర్సీ వేసుకుని ఆఫీసుకి వెళ్లి చూడండి, తెలుస్తుంది.

బొబ్బిలోడు, గాజువాకలో

రైడర్ 9 గారూ, అందులో కొంత నిజం ఉంది. గెలిచిన మర్నాడు "మనం గెలిచాం" అంటాం, ఓడితే "వాళ్లు ఓడారు" అంటాం. 1976లోనే అమెరికాలో రాబర్ట్ సియాల్డిని అనే సైకాలజీ ప్రొఫెసర్ కాలేజీ కుర్రాళ్ల మీద ఇది చూశారు, తమ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువమంది వేసుకొచ్చారట. కానీ అది గెలుపు పోగానే పోయే గుంపు. మీరే చెప్పారుగా, మధ్యలో మానేశానని.

హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు సంగతి చూడండి. 2019లో పుట్టింది, 2021–22 సీజన్‌లో ఐఎస్‌ఎల్ (మన దేశపు ఫుట్‌బాల్ లీగ్) కప్పు కొట్టింది. గోవాలో జరిగిన ఆ ఫైనల్‌లో ఓడింది కేరళ బ్లాస్టర్స్, స్టేడియం నిండా ఉన్నది మాత్రం వాళ్ల పసుపు చొక్కాలే. కప్పు కొట్టిన మన జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. మన ఊళ్లల్లో ఎంతమందికి తెలిసిందండీ ఆ సంగతి? ఐఎస్‌ఎల్ కప్పు ఒక్కసారీ ముట్టని కేరళ జట్టుకి మంజప్పడ అని అభిమానుల సైన్యమే ఉంది. బెంగళూరువాళ్లయితే 18వ సీజన్ దాకా, 2025 జూన్ దాకా, కప్పు లేకుండానే అరిచారు.

మన దగ్గర ఇంకో జబ్బు పేర్లు మార్చడం. ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో 2022లో ఉత్తరాంధ్ర లయన్స్ అని ఉండేది, అరే మన పేరుతో జట్టు అని సంతోషపడ్డాను. 2025కి వచ్చేసరికి జట్ల పేర్లన్నీ మారిపోయాయి. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి, కాదనను. కానీ పేరు నోటికి అలవాటయ్యేలోపే మారిస్తే అభిమానం దేనికి తగిలించుకోవాలి?

రిటైర్డు పీఈటీ

బాబూ, ముప్పై నాలుగేళ్లు విజయనగరం చుట్టుపక్కల బడుల్లో ఈల ఊదినవాడిని. మీ మార్కెటింగ్ భాష నాకు రాదు, నాకు తోచింది చెబుతాను.

దసరా తర్వాత మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ చూశారు కదా. లక్షల మంది వస్తారు, వాళ్లని ఎవరైనా రీల్ చూసి రమ్మన్నారా? సిరిమాను ముందు పాలధార నడుస్తుంది, జాలరి వల నడుస్తుంది, అంజలి రథం, తెల్ల ఏనుగు నడుస్తాయి. ఎవరి పని వాళ్లకి తరాల నుంచీ ఉంది. ఆ వల పట్టుకునేవాడి ఇంటిల్లిపాదీ పండగ చూడ్డానికి రారు, చెయ్యడానికి వస్తారు. మీ ఆటలో ఊరివాళ్లకి చూడ్డం తప్ప చెయ్యడానికి ఏముంది? మ్యాట్ ఎవరు పరుస్తున్నారు? స్కోరు బోర్డు ఎవరు మారుస్తున్నారు? వాటికి ఈవెంట్ వాళ్లని పెట్టే ఉంటారు. నన్నడిగితే ఒక్కో మ్యాచ్ ఒక్కో మండలం బడి పిల్లలకి అప్పగించండి. పిల్లాడు స్కోరు మారుస్తున్నాడంటే వాడి వెనక నలుగురు వస్తారు, టికెట్ కొనుక్కునే వస్తారు.

రెండో మాట. ఇది మనకి కొత్త విద్య కాదు. కోడి రామ్మూర్తి నాయుడు గారు వీరఘట్టంలో పుట్టి, మా విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేసి (మా వృత్తివాడే, ఆమాత్రం గర్వం ఉండనివ్వండి) తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. ఏనుగుని గుండెల మీద ఎక్కించుకోవడం, కార్లని గొలుసులతో ఆపడం. జనం ఎగబడ్డారు. మరి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు ఎత్తింది మొత్తం 240 కిలోలని ఎంతమందికి గుర్తుంది? ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయని మాత్రం ప్రతివాడికీ గుర్తే. మీ పల్లీలావిడ అడిగింది అదే బాబూ.

హర్యానా కుర్రాళ్లు వద్దనను, వాళ్ల పట్టు మనవాళ్లు నేర్చుకోవాలి. కానీ ఏడుగురిలో ముగ్గురైనా జిల్లావాళ్లు ఉండాలి, బెంచీ మీద కాదు, మ్యాట్ మీద.

వేరావల్ పడవ

మాది సంతబొమ్మాళి వైపు. ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో పడవల మీద ఉంటాం. మావాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఉద్దానం వాళ్లు ఇంకో చోట. మీరు హాల్లో 64 మంది అని ఏడుస్తున్నారు గానీ, మన జిల్లా కబడ్డీ అభిమానులు సగం మంది జిల్లాలోనే లేరు సార్. పోయినేడు మీ జట్టు ఆడిందని నాకు ఈ పోస్టు చూస్తేనే తెలిసింది.

ఒక ఫోను స్టాండుకి కట్టి యూట్యూబ్‌లో లైవ్ పెట్టండి. పెద్ద కెమెరాలొద్దు. కామెంట్రీ మాత్రం మనోడితో చెప్పించండి, మన యాసలో. హైదరాబాద్ యాంకర్ భాష టీవీలో రోజూ వింటాం. రేవులో దిగిన రోజు ఇరవై మందిమి ఒక్క ఫోన్లో చూస్తాం. మా వీధి కుర్రాడు కూతకెళ్తే ఆ రాత్రి ఇక్కడ ఎవడూ నిద్రపోడు.

ఇచ్ఛాపురం టు విస్కాన్సిన్

ఇక్కడ అమెరికాలో గ్రీన్ బే అని ఒక ఊరుంది, జనాభా లక్ష పైచిలుకు, ఇంచుమించు మన శ్రీకాకుళం టౌన్ అంత. వాళ్ల ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఒక ఓనర్ అంటూ లేడు. అయిదు లక్షల మందికి పైగా వాటాదారులు. ఆ వాటాకి డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోవడానికి లేదు, గోడకి ఫ్రేము కట్టి పెట్టుకోవడమే. మా ఆఫీసులో ఒకాయన వాళ్ల తాత వాటా కాగితం చూపిస్తాడు, మనం పొలం పట్టా చూపించినట్టు. 1960 నుంచీ సీజన్ టికెట్లు మొత్తం అమ్ముడుపోతూనే ఉన్నాయి. పిల్లలు పుట్టగానే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించేవాళ్లున్నారు.

మీరు వాటాలు అమ్మకండి, చట్టంతో గొడవ. వంద రూపాయల సభ్యత్వం కార్డు పెట్టి, జెర్సీ రంగు ఏదో, కెప్టెన్ ఎవరో వాళ్లతో ఓటు వేయించండి. ఒక్క షరతు, ఓటు అడిగాక బావగారు తనకి నచ్చింది పెట్టకూడదు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఆ చివరి షరతు చదివి బావగారు ఫోన్ పెట్టేశారు. గంట తర్వాత ఆయనే చేశారు.

మొత్తానికి తేలింది ఇది. పెద్ద ఆటగాడి ఆలోచన పక్కన పెట్టాం. ఆ డబ్బుతో టెక్కలి, పాతపట్నం, ఎచ్చెర్ల, ఆమదాలవలసల్లో ట్రయల్స్ పెడుతున్నాం. మ్యాచ్‌లు సాయంత్రం 5:30కి మొదలు, 7:30కల్లా అయిపోతాయి. లీగ్ వాళ్లు ఒప్పుకోవాలి, మాట్లాడుతున్నాం. లైవ్ ఖాయం, కామెంట్రీకి మా వీధిలో ఊరి నాటకాలాడే ఒకాయన దొరికారు, మైకిస్తే ఆపడం కష్టం. టికెట్ 20 రూపాయలు. పల్లీలావిడతో మాట్లాడాను, రోజుకి 300 పొట్లాలు చుట్టగలవా అంటే "డబ్బులు ముందే ఇత్తావా?" అంది. ఇచ్చాను.

కార్డు విషయం మాత్రం బావగారు ఇంకా నలుగుతున్నారు. కెప్టెన్ ఓటు కుదరదట, రంగు ఓటు వరకు సరేనన్నారు.

జెర్సీ షాపు అన్నా, వెనక ఆటగాడి పేరు బదులు అతని ఊరి పేరు వేస్తే ఎలా ఉంటుంది? ఎంతవుతుంది?

జెర్సీ షాపు (విజయనగరం)

బాగుంటుంది, వెయ్. వంద దాటితే ఒక్కోటి 230. ఊరి పేర్ల స్పెల్లింగులు నువ్వే రాసి పంపు, పోయినసారి ఒక జట్టుకి ఊరి పేరులో ఒత్తు పోయిందని ట్రాక్టరేసుకుని వచ్చారు షాపుకి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

200 చెయ్యన్నా.

జెర్సీ షాపు (విజయనగరం)

215. అటక మీద రాహుల్ బనీన్లు 70 తీసుకెళ్తే 200.